మేడ మీద మట్టి లేకుండా కూరలు: బెజవాడ ఎండల్లో హైడ్రోపోనిక్స్ ఎలా మొదలుపెట్టాలి

మా ఇల్లు అజిత్‌సింగ్ నగర్‌లో అండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు వాకిట్లో పెట్టుకున్న కుండీలన్నీ మట్టితో సహా పోయాయి. వరద తీశాక మళ్ళీ అక్కడే పెట్టడానికి మనసొప్పలేదు, మేడ మీద పెడదామంటే తడి మట్టితో ఒక్కో కుండీ 20, 25 కిలోలు ఉంటుంది, పైగా స్లాబు చెమ్మ దిగుతుందని ఓనరు గారు వద్దన్నారు. అప్పుడు ఈ మట్టి లేని సాగు వైపు వచ్చాను. ఇప్పుడు మాకు ఇంట్లోకి తోటకూర, గోంగూర, పుదీనా, బచ్చలి బయట కొనే పని చాలావరకు తప్పింది. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట. వీడియోల్లో తెల్ల పైపులు వరసగా పెట్టి లెట్యూస్ పెంచేది చూసి వెంటనే పైపుల సెట్ ఆర్డర్ పెట్టకండి. అవి ఎక్కువగా చల్లటి ఊళ్ళలోనో, ఏసీ గదుల్లోనో తీసినవి. మన దగ్గర మొక్క బతకడం చావడం రెండు విషయాల్లో తేలిపోతుంది, ఒకటి నీళ్ళలో ఉప్పు ఎంత ఉంది, రెండు మధ్యాహ్నం ఆ నీళ్ళు ఎంత వేడెక్కుతున్నాయి. ఈ రెండూ పట్టుబడ్డాక పైపులా, డబ్బాలా, బకెట్లా అన్నది మీ ఇష్టం.

అసలు ఇదేం కొత్త సంగతి కాదు. కాలిఫోర్నియా యూనివర్సిటీలో విలియం గెరిక్ అనే ఆయన 1930ల్లోనే నీళ్ళలో టమాటా తీగలు మనిషిని మించిన ఎత్తు పెంచి చూపించారు, హైడ్రోపోనిక్స్ అనే పేరు ఆయన వల్లే జనంలోకి వచ్చింది. మన దేశంలో 1946లో కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ అనే ఆయన పేదవాళ్ళు కూడా చేసుకోగలిగే చవక పద్ధతుల మీద పని చేశారు. అంటే పంపులు, కంప్యూటర్లు లేకుండానే చేసుకోవచ్చని ఎప్పుడో తేలిపోయింది. నేను చెప్పబోయే మొదటి పద్ధతి హవాయి యూనివర్సిటీలో బెర్నార్డ్ క్రాట్కీ గారు పైకి తెచ్చింది, దీనికి కరెంటు అక్కర్లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

దసరా వెళ్ళాక. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మనకి బంగారం లాంటి కాలం, ఈ నాలుగు నెలల్లో తప్పులు చేసినా మొక్కలు క్షమిస్తాయి. రథసప్తమి దాటితే ఎండ ముదురుతుంది, ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్ళేదాకా కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీని జోలికి పోకపోవడమే మంచిది. నేను ఉత్సాహం ఆపుకోలేక మార్చిలో మొదలుపెట్టాను, మేలో ఒక్క మధ్యాహ్నంలో 18 మొక్కలు తల వాల్చేశాయి, సాయంత్రం పీకి చూస్తే వేర్లన్నీ గోధుమ రంగులో జారుడుగా అయిపోయి మురుగు వాసన. ఆ రోజు చాలా బాధేసింది. మీకు అది రాకూడదనే ఇంత వివరంగా రాయడం.

మొదటి పని: నీళ్ళు కొలవండి

ఏమీ కొనకముందు ఒక టీడీఎస్ మీటరు కొనుక్కోండి, లీటరు నీళ్ళలో సుమారుగా ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పు కరిగి ఉందో చెప్తుంది, పెన్ను లాగా ఉంటుంది, నాలుగైదొందల్లో వస్తుంది. ఇంట్లో ఉన్న ప్రతి నీళ్ళూ కొలవండి. మా బోరు నీళ్ళు 1,100 చూపించాయి, మున్సిపల్ కుళాయి నీళ్ళు 300 లోపు, క్యాన్ నీళ్ళు 60. వీధి వీధికీ ఇది మారిపోతుంది కాబట్టి పక్కింటివాళ్ళ లెక్క మీకు పనికిరాదు.

200 లోపు ఉంటే హాయిగా వాడుకోండి. 200 నుంచి 400 దాకా పర్లేదు. అది దాటితే ఆర్వో నీళ్ళో వాన నీళ్ళో సగం కలపాలి. 800, 1000 ఉన్న బోరు నీళ్ళయితే వాటి మీద ఆశ పెట్టుకోవద్దు, ఎందుకంటే మనం వేసే ఎరువు కూడా ఉప్పే, నీళ్ళలో ముందే ఉప్పు నిండి ఉంటే ఇంక మొక్కకి కావాల్సింది వేయడానికి చోటుండదు. ఇంకోటి, బోరు నీళ్ళలో ఉండే సున్నం పీహెచ్‌ని, అంటే నీళ్ళ ఆమ్లగుణం చెప్పే అంకెని, కిందకి దిగనివ్వదు, ఇవాళ దించితే ఎల్లుండికి మళ్ళీ పైకి వచ్చేస్తుంది. ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే వేస్ట్ నీళ్ళు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు, వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. కుళాయి నీళ్ళు మాత్రం ఒక రాత్రి బకెట్లో మూత తీసి ఉంచండి, క్లోరిన్ వాసన పోతుంది. వానాకాలంలో మేడ మీద శుభ్రమైన డ్రమ్ము పెట్టుకుంటే వాన నీళ్ళని మించినవి లేవు, మొదటి పది నిమిషాల వాన మాత్రం వదిలేయండి, స్లాబు మీది దుమ్మంతా వస్తుంది.

డబ్బా తయారుచేయడం

థర్మాకోల్ పెట్టె తెచ్చుకోండి, చేపలు, ద్రాక్షపళ్ళు వచ్చే పెట్టెలు. మార్కెట్లో పళ్ళ షాపుల దగ్గర అడిగితే తక్కువకే ఇస్తారు, ఒక్కోసారి ఊరికే ఇచ్చేస్తారు. ప్లాస్టిక్ బకెట్ కంటే ఇది ఎందుకంటే వేడిని లోపలికి రానివ్వదు, మన ఊరికి దీనికంటే మంచి డబ్బా లేదు. చేపల పెట్టె అయితే సబ్బుతో కడిగి రెండు రోజులు ఎండబెట్టాలి. లోపల నల్ల పాలిథిన్ కవరు మందంగా ఉన్నది పరిస్తే కారదు.

మూతకి కన్నాలు పెట్టాలి. 2 అంగుళాల నెట్ పాట్లు అని, జల్లెడలా కన్నాలుండే చిన్న ప్లాస్టిక్ కప్పులు, నర్సరీ సామాన్ల దగ్గర దొరుకుతాయి, అది సరిగ్గా అంచు దగ్గర ఆగేంత కన్నం. 20, 25 లీటర్లు పట్టే పెట్టెకి ఆకుకూరలైతే 5 లేదా 6 కన్నాలు చాలు. ఆశకి పోయి 12 పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయి, ఒక్కో మొక్క దాని జీవితంలో 4 లీటర్ల పైనే తాగుతుంది.

పెట్టెలోకి వెలుతురు అస్సలు పోకూడదు. పోయిందంటే నాచు పడుతుంది, అది మన ఎరువు తిని మొక్క వేర్లకి ఊపిరాడకుండా చేస్తుంది. కాబట్టి అతుకుల దగ్గర టేపు వేయండి, బయట తెల్లగా ఉండనివ్వండి, నల్ల రంగు మాత్రం పూయొద్దు.

దోమల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ మధ్యలో ఉన్న ఊరు మనది, దోమలకి మనం కొత్తగా ఇల్లు కట్టివ్వకూడదు. డెంగీ దోమకి నిలవున్న మంచినీళ్ళే కావాలి, గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు. నెట్ పాట్ చుట్టూ సందు లేకుండా స్పాంజి ముక్కతో బిగించండి, మొక్క పెట్టని కన్నం ఏదైనా ఉంటే మూసేయండి, ప్రతి ఆదివారం మూత ఎత్తి టార్చి వేసి చూడండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ.

మొలకలు

అసలు మొట్టమొదట విత్తనంతో కాకుండా పుదీనాతో మొదలుపెట్టమంటాను. రైతు బజార్లో ఒక కట్ట కొనండి, గట్టి కాడలు ఏరి కింది ఆకులు దూసేసి గ్లాసు నీళ్ళలో నీడన పెట్టండి, వారం పది రోజుల్లో తెల్ల వేర్లు వస్తాయి. బచ్చలి కూడా అంతే, కూర కోసం తెచ్చిన తీగ ముక్క కణుపు నీళ్ళలో మునిగేలా పెడితే చాలు. ఆ వేర్లు చూశాక మీకే ధైర్యం వస్తుంది.

విత్తనాల దగ్గరికొస్తే, కొబ్బరి పొట్టు వాడుకోవచ్చు, కోనసీమ వైపు నుంచి ఇటుకల్లాగా వస్తుంది. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టి, పిండి, మళ్ళీ నానబెట్టి, పిండిన నీళ్ళ టీడీఎస్ మామూలు నీళ్ళకి దగ్గరగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు కడగాలి. నెట్ పాట్ అడుగున పలచటి గుడ్డ ముక్క వేసి పొట్టు నింపండి, లేకపోతే నీళ్ళలోకి రాలి నీళ్ళు ఎర్రబడతాయి.

తోటకూర గింజలు ఇసుక రేణువుల్లా ఉంటాయి, పైన చల్లి వేలితో అద్దితే చాలు, లోపలికి పూడిస్తే రావు. 3, 4 రోజుల్లో మొలుస్తాయి. గోంగూర గింజలు రాత్రి నానబెట్టి వేయండి. కొత్తిమీరకి ధనియాలు చేత్తో నలిపి రెండు బద్దలు చేసి 12 గంటలు నానబెట్టాలి, అయినా పది రోజులు పడుతుంది, తొందరపడి పారేయకండి. మనం కూరకి వాడే పాలకూర ఎండకి కొంచెం తట్టుకుంటుంది. లెట్యూస్ మాత్రం నవంబరు నుంచి జనవరి దాకానే, తర్వాత చేదెక్కి పూతకి వెళ్ళిపోతుంది. ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలు ఇందులో పెట్టకండి.

మొదట విచ్చుకునే రెండు పప్పాకులు కాకుండా అసలు ఆకులు రెండు మూడు వచ్చి, నెట్ పాట్ కింద నుంచి వేరు కనపడ్డాక పెట్టెలోకి మార్చాలి.

ఎరువు నీళ్ళు

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, నేనూ తిన్నాను. ఒక షాపులో అడిగితే 19:19:19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు ఇచ్చి నీళ్ళలో కరుగుతుంది కదా అదే హైడ్రోపోనిక్స్ మందు అన్నారు. కరుగుతుంది, నిజమే. కానీ అందులో నత్రజని సగం పైన యూరియా రూపంలో ఉంటుంది, మట్టిలో అయితే సూక్ష్మజీవులు దాన్ని మార్చి మొక్కకి అందిస్తాయి, మన పెట్టెలో ఆ పని సరిగా జరగదు, పైగా కాల్షియం, మెగ్నీషియం అందులో లేనే లేవు. మూడు వారాలు ఆకులు పసుపుగా అయి నిలబడిపోయాయి. డీఏపీ, యూరియా కూడా వాడకూడదు. జీవామృతం పోయొచ్చా అంటే, మట్టికి అది చాలా మంచిది, నీళ్ళ పెట్టెలో మాత్రం కుళ్ళి వేర్లకి అందాల్సిన ఆక్సిజన్ని తినేస్తుంది.

మొదటిసారి ఏ, బీ అని రెండు సీసాలుగా అమ్మే రెడీమేడ్ న్యూట్రియెంట్లు కొనుక్కోండి, ప్యాకెట్ మీద రాసినట్టు కలపండి. రెండో పంట నుంచి సొంతంగా కలుపుకుంటే చాలా చవక, మన చుట్టుపక్కల మిర్చి రైతులు డ్రిప్పులో వాడే మందులే ఇవి, బెజవాడలోనైనా గుంటూరులోనైనా ఎరువుల షాపుల్లో దొరుకుతాయి. నేను ఆకుకూరలకి కలిపే లెక్క ఇదీ:

ఏ సీసా, 1 లీటరు ఆర్వో నీళ్ళలో: కాల్షియం నైట్రేట్ 60 గ్రాములు, ఐరన్ ఈడీటీఏ 12 శాతం ఉన్నది 2 గ్రాములు.

బీ సీసా, ఇంకో లీటరు నీళ్ళలో: పొటాషియం నైట్రేట్ అంటే 13:0:45 30 గ్రాములు, మోనో పొటాషియం ఫాస్ఫేట్ అంటే 0:52:34 20 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 40 గ్రాములు, ఈడీటీఏ రకం సూక్ష్మపోషకాల మిశ్రమం 2 గ్రాములు.

వాడేటప్పుడు లీటరు నీళ్ళకి ఏ నుంచి 10 ఎంఎల్, బాగా కలిపి, తర్వాత బీ నుంచి 10 ఎంఎల్. 20 లీటర్ల పెట్టెకి 200, 200. ఈ రెండు సీసాల్ని నేరుగా ఒకదాన్లో ఒకటి ఎప్పుడూ పోయొద్దు, కాల్షియం వెళ్ళి సల్ఫేట్‌తోనూ ఫాస్ఫేట్‌తోనూ కలిసి సుద్దలాగా అడుక్కి పేరుకుంటుంది, ఇంక అది మొక్కకి అందదు. తూకానికి 1 గ్రాము దాకా చూపించే చిన్న కాటా కావాలి, చెంచా లెక్కలు వద్దు. సీసాలు నల్ల కవరు చుట్టి పిల్లలకి అందనిచోట పెట్టండి.

కలిపాక మీటరు పెడితే మీ మామూలు నీళ్ళ అంకె మీద ఇంకో 700 చుట్టుపక్కల పెరగాలి. చిన్న మొలకలకి ఇందులో సగం చాలు. ఎండాకాలంలో కూడా కొంచెం పలచగానే ఉంచాలి, ఎందుకంటే మొక్క అప్పుడు ఎరువు కంటే నీళ్ళే ఎక్కువ తాగుతుంది.

తర్వాత పీహెచ్. 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి, అది దాటితే ఐరన్ నీళ్ళలో ఉన్నా మొక్క తీసుకోలేదు. దించడానికి ఫాస్ఫారిక్ యాసిడ్‌ని బాగా పలచన చేసి చుక్కలు చుక్కలుగా వేయాలి, చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు పెట్టుకుని, ఎప్పుడూ నీళ్ళలోకి యాసిడ్ పోయాలి కానీ యాసిడ్‌లోకి నీళ్ళు పోయకూడదు. నిమ్మరసం వాడొచ్చా అంటే అవసరానికి పనిచేస్తుంది, కానీ రెండు మూడు రోజుల్లో అది కుళ్ళి పీహెచ్ మళ్ళీ పైకి వచ్చేస్తుంది. పీహెచ్ మీటరు కొనలేకపోతే చుక్కలు వేసి రంగు చూసే కిట్ చాలు, నేను మొదటి ఏడాది దాంతోనే నెట్టుకొచ్చాను.

నింపడం, వదిలేయడం

నెట్ పాట్ అడుగు ఒక సెంటీమీటరు మునిగేంత దాకా నింపి మూత పెట్టేయండి. ఇంక ఇక్కడ మన చెయ్యి ఊరుకోదు, నీళ్ళు తగ్గుతున్నాయని రోజూ పోసేస్తాం. అలా చేయకూడదు. నీళ్ళు తగ్గేకొద్దీ పైన ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలో ఉన్న వేర్లే గాలి పీలుస్తాయి, కింద మునిగిన వేర్లు నీళ్ళు తాగుతాయి. మళ్ళీ పైదాకా నింపితే గాలి వేర్లు మునిగి మొక్క ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. మరీ అడుగంటితే పెట్టెలో మూడో వంతు దాకా మాత్రమే పోయండి.

పోసేటప్పుడు ఏం పోయాలో టీడీఎస్ మీటరే చెప్తుంది. నీళ్ళు తగ్గి అంకె పెరిగిందంటే మొక్క నీళ్ళు తాగి ఎరువు వదిలేసింది, ఉత్త నీళ్ళు పోయండి. నీళ్ళూ తగ్గి అంకె కూడా తగ్గిందంటే ఆకలిగా ఉంది, ఎరువు నీళ్ళు పోయండి. నాకు ఈ ఒక్క లెక్క అర్థమైన రోజు నుంచి మొక్కలు చావడం తగ్గింది.

తోటకూర 25, 30 రోజుల్లో కోతకొస్తుంది, వేర్లతో పీకకుండా పైన కోస్తే ఇంకో రెండు కోతలు ఇస్తుంది. గోంగూర జానెడు పెరగగానే తల తుంచేస్తే పక్క కొమ్మలు వేసి గుబురుగా వస్తుంది, మా అత్తగారిది గుంటూరు, ఎర్ర కాడ గోంగూర అయితేనే పచ్చడికి పులుపు అంటారు, అదే వేస్తున్నాను, నీళ్ళలో పెరిగినా పులుపు ఏమీ తగ్గలేదని ఆవిడే ఒప్పుకున్నారు.

వేడి

20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది, అదే సమయంలో వేరుకి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, వేరుకుళ్ళు తెగులుకి కూడా ఆ వేడే ఇష్టం. కాబట్టి పెట్టెలో నీళ్ళు 28 దాటకుండా చూడటమే మన పని. అక్వేరియం షాపులో దొరికే చిన్న థర్మామీటరు ఒకటి నీళ్ళలో వేసి మధ్యాహ్నం 3 గంటలకి చూడండి.

నేను చేసేవి: పెట్టెల్ని స్లాబు మీద నేరుగా పెట్టను, ఇటుకల మీద ఎత్తులో పెడతాను, ఎందుకంటే మన స్లాబు రాత్రి 10 దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. తూర్పు పిట్టగోడ దగ్గర పొద్దున్న 11 దాకా ఎండ తగిలేలా పెట్టి, పైన 50 శాతం షేడ్ నెట్ కట్టాను. నెట్ పెట్టెలకి ఆనించకుండా నాలుగైదు అడుగుల పైన కడితే గాలి ఆడుతుంది. మార్చి నుంచి గోనె సంచులు తడిపి పెట్టెల చుట్టూ కప్పుతాను. మరీ వడగాడ్పులప్పుడు 1 లీటరు బాటిల్లో నీళ్ళు గడ్డకట్టించి మధ్యాహ్నం పెట్టెలో వేస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అక్వేరియం ఎయిర్ పంపు పెడితే ఇంకా మంచిది, పంపుని మాత్రం నీడన పెట్టండి, లేకపోతే వేడి గాలినే లోపలికి ఊదుతుంది. మేలో నేను బచ్చలి, తోటకూర తప్ప మిగతావన్నీ తీసేస్తాను.

మొక్క చెప్పే మాటలు

కొత్త ఆకు పసుపై ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఐరన్ అందట్లేదు, ఐరన్ ఇంకా వేసే ముందు పీహెచ్ చూడండి. పాత ఆకులు మొత్తం పాలిపోతే నత్రజని, పాత ఆకుల్లో ఈనెల మధ్య పసుపు అయితే మెగ్నీషియం. లేత ఆకుల అంచు మాడితే కాల్షియం. నీళ్ళుండగానే మధ్యాహ్నం వాలిపోతే మూత ఎత్తి వేర్లు చూడండి, తెల్లగా ఉంటే ఎండ దెబ్బ, గోధుమ రంగులో జారుతుంటే ఆ నీళ్ళు మొత్తం పారబోసి పెట్టె కడిగి కొత్తగా పెట్టాల్సిందే.

పేనుబంకకీ తెల్లదోమకీ పసుపు జిగురు అట్టలు కట్టండి, తామర పురుగులకి నీలం అట్టలు. మిరప పెట్టాలనుకునేవాళ్ళు 2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిర్చి రైతుల్ని ఎంత దెబ్బ తీసిందో గుర్తుంచుకోండి, పూలలో దాక్కుంటుంది, పువ్వుని తెల్ల కాగితం మీద తట్టి చూస్తే కనపడుతుంది. వేపనూనె లీటరుకి 5 ఎంఎల్, కొంచెం సబ్బు నీళ్ళతో, సాయంత్రం పూట కొట్టండి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

పైపులు, టమాటాలు ఎప్పుడు

రెండు శీతాకాలాలు పెట్టెలతో గడిచాక. పైపుల్లో నీళ్ళు పలచగా పారే పద్ధతిలో కరెంటు పోతే వేసవి మధ్యాహ్నం గంటలోనే వేర్లు ఎండిపోవడం మొదలవుతుంది, ఇన్వర్టర్ లేనివాళ్ళు దాని జోలికి పోవద్దు. పెట్టాలంటే 4 అంగుళాల పీవీసీ పైపులో చివర మూత దగ్గర ఎత్తు పెట్టి, ఎప్పుడూ ఒకటిన్నర అంగుళాల నీళ్ళు నిలిచేలా చేసుకోండి, పంపు ఆగినా సాయంత్రం దాకా బతుకుతాయి. పైపులకి నీళ్ళిచ్చే టాంకు బరువు కూడా లెక్క చూసుకోండి, 200 లీటర్లంటే 200 కిలోలు, స్లాబు మధ్యలో కాకుండా పిట్టగోడ పక్కన, కింద బీమ్ ఉన్నచోట పెట్టాలి.

టమాటా, వంకాయ, మిరపకి 20 లీటర్ల ఖాళీ పెయింటు డబ్బాలు బాగుంటాయి. కడిగి, అడుగు నుంచి 2 అంగుళాల పైన ఒక కన్నం పెట్టి, కొబ్బరి పొట్టు 70 పాళ్ళు, పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలు 30 పాళ్ళు నింపి, పైన చెప్పిన ఎరువు నీళ్ళే పూత వచ్చాక ఒకటిన్నర రెట్లు చిక్కగా పోయాలి. టమాటా సెప్టెంబరులో నారు పోసి ఫిబ్రవరిలోపు కాయలు కోసేసుకోవాలి, పగలు 35 దాటితే పూత నిలవదు. పూసినప్పుడు పొద్దున్నే కొమ్మని వేలితో రెండుసార్లు తట్టండి, పుప్పొడి రాలి కాయ కడుతుంది.

పంట అయ్యాక మిగిలిన ఎరువు నీళ్ళు డ్రైనేజీలో పోయకండి, రెండు వంతుల ఉత్త నీళ్ళు కలిపి కరివేపాకు చెట్టుకో మల్లె పాదుకో పోయండి. మా వీధి చివర గుడిలో మల్లె పందిరికి నేను నెలకోసారి ఓ బకెట్ తీసుకెళ్ళి పోసి వస్తాను.